ఉమ్మగిలే వేళ

గురువారం సాయంత్రాలు గార్త్ షెడ్డులో చేరతాం.
బ్లఫ్ రేవు మీద దక్షిణపు గాలి.
దక్షిణపు గాలి చందనం మోసుకొస్తుందని ఎక్కడైనా అంటారేమో,
ఇక్కడిది మంచుదిబ్బల మీంచి లేచి
రేకు తలుపు తన్నుకుని లోపలికొస్తుంది.

పదకొండేళ్లు డబ్బా బీరే కాచాను నేను.
మూత కోసి, జిగట పాకం వేడినీళ్లలోకి జార్చి,
కిలో పంచదార, పొట్లం ఈస్టు,
ఇరవై నిమిషాల పని.
పొద్దంతా ఆయిస్టర్లు ఒలిచి తిమ్మిరెక్కిన వేళ్లకి
అంతకు మించి ఓపికుండేది కాదు.
రుచంటారా,
తడిసిన అట్టముక్కకి తీపి పూసినట్టు.
తాగేవాళ్లం. బాగుందనేవాళ్లం.

ఈసారి గింజతో మొదలెడతానన్నాను.
అంతే, షెడ్డు షెడ్డంతా నోరైంది.

"ముందు నీళ్ల సంగతి చూడు," గార్త్.
"మన కుళాయి నీళ్లు ఉత్త చప్పన, చిటికెడు జిప్సం పడాలి."
"ఎవరి చిటికెడు?" టవీటా.
అతని వేళ్లు ఒక్కొక్కటీ పడవ తాడంత.
"హాప్స్ మాత్రం పొయ్యి ఆపాకే వెయ్యి,
ముందే వేస్తే చేదు నీకు, వాసన ఆవిరికి."
"మరి పోయినేడు నువ్వు కాచింది?"
"అది వేరే."

నోలీన్ చివర్న మాట్లాడుతుంది, అందరూ ఆగాక.
డెబ్బై మూడేళ్లు. డబ్బా పేరెత్తితే మూతి ముడుస్తుంది.
"అరవై ఆరు డిగ్రీలు. అరవై ఏడు కాదు.
గింజని పిండి చెయ్యకు, నలగ్గొట్టు.
పొట్టు నిలవాలి, పొట్టే నీ జల్లెడ.
గంటసేపు మూత తియ్యకు.
ఉడికిందాకా ఉన్నదానివి
ఉమ్మగిలిందాకా ఉండలేవా?"

శనివారం. చేపలకి వాడే ఐస్ పెట్టెలో
మొలకగట్టి ఎండబెట్టిన బార్లీ అయిదు కిలోలు.
వేడినీళ్లు పడగానే లేచిన వాసన,
వానకి తడిసిన రొట్టెల కొట్టులా.
గంట ఆగాను. మూత ముట్టలేదు.
చెంచాడు తీసి అయోడిన్ చుక్క వేశాను,
నల్లబడలేదు, పిండంతా తీపైపోయింది.
గర్వంగా కుళాయి తిప్పాను.

ఒక ధార. సగం ధార. చుక్క.
తర్వాత ఏమీ లేదు.
గింజ మరీ మెత్తగా ఆడించాను, లోపలంతా గడ్డకట్టిన అంబలి.

మూడిళ్ల అవతలే నోలీన్.
ముందు తలుపు కొట్టి, పలక్కపోతే పెరట్లోకి పరిగెత్తాను.
కోళ్ల గూడు పక్కన కూచుని దాణా కొలుస్తోంది,
డబ్బాతో.
ఆ డబ్బాతోనే.
వెనక గోడవారన ఇంకో పది,
కడిగి బోర్లించినవి,
అడుగున ముద్రేసిన గడువు ఇంకా దాటలేదు.

నేను చూడటం తను చూసింది.
దాణా పారబోసి లేచింది.
"కుడి భుజం," అంది.
"ఇరవై లీటర్ల మరిగే నీళ్లు ఎత్తలేను.
మూడు శీతాకాలాలైంది."
"మరి షెడ్డులో..."
"సలహాకి బరువేముంది?
దేనికొచ్చావో చెప్పు."

చెప్పాను. లోపలికెళ్లి
ఎడం చేత్తో ఒక సంచీ తెచ్చింది,
తేలిక సంచీ, వడ్ల ఊక,
ఎప్పటిదో, మూతి విప్పని ముడి.
"కలిపి కాసేపు వదిలెయ్. దారి అదే చూసుకుంటుంది."

చూసుకుంది.

ఆ గోడవార సంగతి నేనెవరికీ చెప్పలేదు.
నా మొదటి బీరు కాస్త మసగ్గానే దిగింది.
టవీటా గ్లాసు వెలుతురుకెత్తి "ఇది వేరే" అన్నాడు,
పొగడ్తో కాదో అడగలేదు.

ఇప్పుడు శనివారాలు తన పెరట్లోనే.
గిన్నెలు నావి, ఎత్తడం దించడం నావి.
తను తిరగేసిన పెట్టె మీద కూచుంటుంది,
ఒళ్లో థర్మామీటరు, కాళ్ల దగ్గర కోళ్లు.
"అరవై ఏడుంది," అంటుంది.
చెంబుడు చన్నీళ్లు పోస్తాను.
"ఇప్పుడు?"
"ఇప్పుడు మూసెయ్.
కూచో."